ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే వెల్వెట్ సోఫా: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అమలాపురం. మా మామగారి రోజుల నుంచీ సోఫాలకు, దివాన్లకు కుషన్ వర్క్ చేసే ఇల్లు. గుడ్డ ఎంపిక, కత్తిరింపు నేను చూస్తాను. బిగింపు పని మా ఆయనది. ఇంట్లో చుక్కి అనే పిల్లి, బబ్లూ అనే దేశీ కుక్క ఉన్నాయి. షాపుకి వచ్చేవాళ్లు అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే: "వెల్వెట్ అంటే మాకు చాలా ఇష్టం అండీ, కానీ ఇంట్లో పిల్లి ఉంది, ఎలా?" కొత్త సోఫా కోసం పెంచుకున్న జీవాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. అంతదాకా పోనక్కర్లేదు, తగిన గుడ్డ ఎంచుకుంటే చాలు. అడిగినవాళ్లకి విడివిడిగా చెబుతూ వచ్చినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

పిల్లి గోళ్లకి వెల్వెట్ చిరిగిపోదా?

చాలామంది భయం ఇదే. నిజానికి సోఫా గుడ్డల్లో పిల్లి గోటికి బాగా తట్టుకునేవాటిలో వెల్వెట్ ఒకటి. ఎందుకో తెలియాలంటే ముందు పిల్లి గోరు ఏం చేస్తుందో చూడాలి. గోరు కొక్కెంలా వంగి ఉంటుంది. గుడ్డలో దారం ఎక్కడైనా పైకి లేచి లూపులా ఉంటే ఆ కొక్కెం అందులో దూరుతుంది. పిల్లి కాలు వెనక్కి లాక్కుంటే దారం కూడా వస్తుంది. జనపనార నేత, లావు దారంతో వదులుగా నేసిన గుడ్డ, ఈమధ్య అందరూ అడుగుతున్న ముడుల ముడుల బూక్లే గుడ్డ, వీటన్నిటి బాధ ఇదే.

వెల్వెట్ నేసే తీరే వేరు. రెండు గుడ్డలను ఎదురెదురుగా ఒకేసారి నేస్తారు. ఆ రెంటి మధ్యా అటూ ఇటూ తిరుగుతూ ఒక దారం ఉంటుంది. నేత నడుస్తుండగానే మగ్గం మీది బ్లేడు ఆ మధ్య దారాన్ని తెంపుకుంటూ పోతుంది. ఒక గుడ్డ రెండవుతుంది, రెంటి మీదా తెగిన దారపు కొసలు నూగులా నిలబడతాయి. అన్నీ కొసలే, లూపు ఒక్కటీ లేదు. గోటికి పట్టు దొరకదు. పట్టు దొరకని చోట గోకడం పిల్లికి కూడా ఇష్టం ఉండదు.

దీన్ని మా షాపులోనే కళ్లారా చూశాను. కటింగ్ బల్ల పక్కన ఒకే ఎత్తులో రెండు కుర్చీలు ఉండేవి, ఒకటి జనపనార గుడ్డది, ఒకటి వెల్వెట్‌ది. చుక్కి నిద్ర లేచి ఒళ్లు విరుచుకుని ముందు వెల్వెట్ కుర్చీ మీద రెండు కాళ్లూ ఆనించింది. గోళ్లు దిగాయి, జారాయి. ఇంకోసారి ప్రయత్నించి, తల తిప్పి పక్క కుర్చీ దగ్గరికి వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి జనపనార కుర్చీ చేతుల దగ్గర పీచు వేలాడుతోంది. వెల్వెట్ మీద చేత్తో నిమిరితే పోయే గీతలు తప్ప ఏమీ లేవు.

అలాగని వెల్వెట్‌ని ఏ గోరూ ఏమీ చేయలేదని చెప్పను. పిల్లి వెనక కాళ్లతో తన్ని ఎగిరి దూకితే గోరు నూగు దాటి అడుగు నేతలోకి దిగవచ్చు. సోఫా అంచుల దగ్గర, పైపింగ్ (అంచు కుట్టు వెంట తాడు పెట్టి కుట్టే గుండ్రటి పట్టీ) దగ్గర గుడ్డ బిగువుగా లాగి ఉంటుంది కాబట్టి ముందుగా దెబ్బతినేది అక్కడే.

అయితే ఏ వెల్వెట్ అయినా పర్వాలేదా?

పర్వాలేదు అనుకుని మేం ఒకసారి బాగా నష్టపోయాం. వెల్వెట్ అనేది నేత పేరు, దారం పేరు కాదు. పట్టుతో నేస్తే పట్టు వెల్వెట్, పత్తితో నేస్తే కాటన్ వెల్వెట్. విస్కోస్, పాలిస్టర్, నైలాన్, మేక ఉన్నితో నేసే మొహైర్, ఇవన్నీ వెల్వెట్లే. చూడటానికి అన్నీ ఒకేలా మెరుస్తాయి, ఇంట్లోకి వచ్చాక ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది.

మా ఇంటి సోఫాకి ఒక వ్యాపారి "ఇది ఇంపోర్టెడ్ అండీ, పట్టులా ఉంటుంది" అని చూపించిన నెమలికంఠం రంగు గుడ్డ వేశాం. నిజంగానే పట్టులా ఉంది. ఆషాఢంలో ఒకరోజు బబ్లూ వానలో తడిసి వచ్చి దాని మీద ఒళ్లు దులుపుకుంది. ఆరాక చూస్తే సీటు నిండా తెల్లటి రింగులు. నీళ్లు పడ్డ చోటల్లా నూగు అణిగిపోయి అట్ట కట్టింది. ఆవిరి పెట్టాను, బ్రష్ చేశాను, ఏం చేసినా లేవలేదు. అది విస్కోస్. విస్కోస్ దారం తడిస్తే బలం బాగా తగ్గిపోతుంది, నూగు ఒకసారి పడుకుంటే మళ్లీ లేవదు. ఏడాదికి నాలుగు నెలలు వానలుండే మన ఊళ్లలో, పైగా కుక్క ఉన్న ఇంట్లో, అది పనికిరాదు.

నా సలహా ఒక్కటే: పొట్టి నూగు, ఒత్తు నేత ఉన్న పాలిస్టర్ వెల్వెట్. పాలిస్టర్ నీటిని దాదాపు పీల్చదు. పత్తి గాలిలోని తేమను తన బరువులో ఎనిమిది శాతం దాకా పట్టుకుంటుంది, విస్కోస్ ఇంకా ఎక్కువ, పాలిస్టర్ అర శాతం కూడా కాదు. అందుకే ఏదైనా ఒలికితే కొద్దిసేపు పైనే ఉంటుంది, తుడిచే టైము మనకి దొరుకుతుంది. షాపుల్లో హాలండ్ వెల్వెట్ అనే పేరుతో అమ్మేది కూడా మామూలుగా పాలిస్టరే. నైలాన్ కలిసినా మంచిదే, గట్టిగా ఉంటుంది. కాటన్ వెల్వెట్ కూర్చోవడానికి హాయిగా ఉంటుంది, కానీ మరక లోపలికి పోతుంది. పట్టు వెల్వెట్ మాత్రం జంతువులున్న ఇంట్లో సోఫాకి వద్దు.

నలిగినట్టు మెరిసే క్రష్డ్ వెల్వెట్ అడుగుతారు కొందరు. గోటి గీతలు, అణిగిన మచ్చలు అందులో కలిసిపోతాయి, అదొక లాభం. అడుగు నేత పలచగా ఉంటే మాత్రం తీసుకోకండి. జాకెట్ల కోసం వచ్చే సాగే వెల్వెట్‌ని సోఫాకి అసలు వేయకూడదు, నాలుగు నెలల్లో వదులైపోతుంది.

షాపులో నిలబడి అది ఏ వెల్వెటో ఎలా కనిపెట్టాలి?

ఒక జానెడు ముక్క ఇమ్మని అడగండి. ఇవ్వనన్న చోట కొనకండి. దాన్ని ఇంటికి తెచ్చి మూడు పనులు చేయండి.

మొదటిది దారం కాల్చి చూడటం. ముక్క అంచు నుంచి రెండు మూడు దారాలు లాగి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట అగ్గిపుల్ల మంటకి చూపండి. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి, చల్లారాక నల్లని గట్టి పూసలా అవుతుంది. పత్తి, విస్కోస్ కాగితంలా మండి బూడిదవుతాయి, వేలితో నలిపితే పొడి రాలుతుంది. జుట్టు కాలిన వాసన వస్తే పట్టో, ఉన్నో. అడుగు నేత దారం ఒకటి, నూగు దారం ఒకటి కావచ్చు కాబట్టి రెంటినీ వేరువేరుగా చూడండి. చాలామంది అడుగు దారమే కాల్చి మోసపోతారు.

రెండోది నీటి చుక్క. చెంచాతో నాలుగు చుక్కలు వేసి, అయిదు నిమిషాలాగి, తువ్వాలుతో అద్ది, రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున చేత్తో నిమిరితే మచ్చ పోవాలి. పోకపోతే ఆ గుడ్డ మీ కుక్కకి సరిపడదు.

మూడోది మడత. ముక్కని నూగు బయటికి వచ్చేలా వేలి మీద గట్టిగా వంచండి. వంపు దగ్గర అడుగు నేత గళ్లు గళ్లుగా కనిపిస్తే నూగు పలచన. ఏమీ కనిపించకుండా నిండుగా ఉంటే ఒత్తు నేత.

మా పిల్లల చిన్నప్పుడు ఆరుద్ర కార్తె వానలకి పెరట్లో ఆరుద్ర పురుగులు వచ్చేవి. అరచేతిలో పెట్టుకుని వీపు నిమిరేవాళ్లు. ఆ ఎర్రటి నూగు ఎంత పొట్టిగా, ఎంత దట్టంగా ఉంటుందో గుర్తుందా? ఎటు నిమిరినా కింద ఒళ్లు కనిపించదు. సోఫా వెల్వెట్ కూడా అలాగే ఉండాలి. ఇప్పటికీ కొత్త కేటలాగ్ వస్తే నా వేలు వెతికేది దాన్నే.

కేటలాగ్‌లో 30,000, 50,000 రబ్స్ అని రాస్తారు. అదేమిటి?

మార్టిండేల్ అనే మెషీన్ మీద గుడ్డని రుద్ది చూసే పరీక్ష అది. దారాలు తెగేదాకా ఎన్ని రుద్దులు తట్టుకుందో ఆ అంకె చెబుతుంది. ఇంట్లో రోజూ వాడే సోఫాకి 25,000 దాటితే సరిపోతుంది. కుక్క ఎక్కి దిగే ఇంటికి 40,000 పైన ఉన్నది చూడండి. కానీ అది రుద్దుడు లెక్క మాత్రమే, గోటి లెక్క కాదు. బూక్లే గుడ్డకి కూడా పెద్ద అంకె ఉండవచ్చు. అంకె చూసి ఊరుకోకుండా గుడ్డని చేత్తో కూడా చూడండి.

అంకె పక్కనే క్లీనింగ్ గుర్తు ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. డబ్ల్యూ అంటే నీళ్లతో శుభ్రం చేయవచ్చు. ఎస్ అంటే నీళ్లు తగలకూడదు, డ్రై క్లీనింగ్ రకం ద్రావకమే వాడాలి. రెండూ కలిపి ఉంటే ఏదైనా సరే. ఎక్స్ అంటే వాక్యూమ్ తప్ప ఇంకేమీ వద్దు. జంతువులున్న ఇంటికి డబ్ల్యూ ఉన్నదే కావాలి.

బొచ్చు అంతా వెల్వెట్‌కే అతుక్కుంటుంది కదా?

కనిపిస్తుంది, నిజమే. కానీ పొట్టి నూగులో బొచ్చు పైపైనే ఉంటుంది, వదులు నేతలో అయితే దారాల మధ్యలోకి గుచ్చుకుపోతుంది. పైన ఉన్నదాన్ని తీయడం తేలిక. గిన్నెలు తోముకునే రబ్బరు తొడుగు వేసుకుని, కొంచెం తడి చేసి, ఒకే వైపుకి నిమరండి. బొచ్చంతా ఒత్తిలా చుట్టుకుని వచ్చేస్తుంది. కిటికీ అద్దాలు తుడిచే రబ్బరు పట్టీ కూడా అంతే పని చేస్తుంది. రెండు నిమిషాల పని.

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా గాలి పొడిగా ఉన్న రోజుల్లో పాలిస్టర్‌కి స్టాటిక్ కరెంటు పట్టి బొచ్చు ఎక్కువ అంటుతుంది. అప్పుడు చేయి తడి చేసుకోవడం మర్చిపోవద్దు. వానాకాలంలో మన గాలిలోని తేమే ఆ పని చేసి పెడుతుంది.

అన్నిటికంటే మేలైన మందు జంతువుని దువ్వడం. పామేరియన్, లాబ్ లాంటివాటికి రెండు పొరల బొచ్చు ఉంటుంది, కొన్ని నెలల్లో గుప్పెళ్లు గుప్పెళ్లుగా రాలుతుంది. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టుకుని పది నిమిషాలు దువ్వితే సోఫా మీద రాలేది సగమైనా తగ్గుతుంది.

ఏ రంగు వేయించాలి?

మీ జంతువు రంగు. నల్ల కుక్కకి లేత గోధుమ సోఫా, తెల్ల పిల్లికి ముదురు నీలం సోఫా వేయించి తర్వాత బాధపడతారు. చారల పిల్లి ఉంటే బూడిద రంగు, తేనె రంగు, పాచి రంగు బాగుంటాయి. కిటికీ నుంచి నేరుగా ఎండ పడే చోటైతే మరీ ముదురు రంగులు వద్దు, ఎండ తగిలే వైపు ఒకటి రెండు వేసవులకే వెలుస్తుంది.

సోఫా మీద మూత్రం పోసింది. ఏం చేయాలి?

ముందు పాత నూలు తువ్వాలు నాలుగు మడతలు వేసి మీద పెట్టి, చేతి బరువంతా వేసి నొక్కండి. తడి ఎక్కినకొద్దీ తువ్వాలు మార్చండి. రుద్దవద్దు, రుద్దితే నూగు మెలి పడుతుంది, తడి కిందికి దిగుతుంది. కుషన్‌కి జిప్ ఉంటే వెంటనే విప్పి ఫోమ్‌ని చూడండి. అసలు వాసన ఉండేది ఫోమ్‌లోనే.

ఆ తర్వాత చల్లటి నీళ్లతో అద్ది, ఎంజైమ్ క్లీనర్ వేయండి. పెంపుడు జంతువుల సామాన్లమ్మే షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పిల్లి మూత్రంలో యూరిక్ ఆసిడ్ ఉంటుంది, అది ఆరాక స్ఫటికాలుగా గట్టిపడుతుంది. సబ్బుతో, నీళ్లతో కరగదు. మనకి వాసన పోయినట్టే ఉంటుంది, ముసురు పట్టిన రోజున మళ్లీ గుప్పుమంటుంది. ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది. అయితే దానికి టైము ఇవ్వాలి. మూత్రం ఎంత లోతుకి దిగిందో మందు కూడా అంత లోతుకి దిగేలా పోసి, సీసా మీద రాసినంత సేపు ఉంచి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. ఆరాక మెత్తని బ్రష్‌తో నూగుని లేపండి. వేడి నీళ్లు, ఆవిరి మాత్రం అప్పుడు వద్దు, మరక స్థిరపడిపోతుంది.

ఇంట్లో ఉందని బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. రంగు పోతుంది సరే, మూత్రంలోని అమ్మోనియాతో అది కలిస్తే విషవాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లూ వద్దు, ఆ వాసనకి పిల్లి మళ్లీ అక్కడికే వస్తుంది. ఫినాయిల్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఫినాల్ జాతి రసాయనాలను విడగొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఫినాయిల్ తగిలిన సోఫా మీద నడిచి, కూర్చుని పాదాలు నాక్కుంటే విషం లోపలికే పోతుంది. పిల్లి ఉన్న ఇంట్లో నేల తుడవడానికి కూడా దాన్ని మానేయండి.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడు సోఫా మీదే పోస్తోంది. పొగరు కదా?

పొగరు అనుకుని కొట్టకండి. ఉన్నట్టుండి అలవాటు మారిందంటే చాలాసార్లు ఒంట్లో బాగోలేకనే. ముఖ్యంగా మగ పిల్లి మాటిమాటికీ ముక్కుతూ, చుక్క చుక్కగా పోస్తూ, లేదా అసలు రాక అరుస్తూ ఉంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోయే జబ్బు అది. సోఫా సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆరోగ్యం బాగానే ఉండి, మగ పిల్లి నిలబడి తోక ఆడిస్తూ చిమ్ముతుంటే అది తన హద్దు చెప్పుకోవడం. ఆపరేషన్ చేయిస్తే చాలావాటిలో ఆ అలవాటు తగ్గుతుంది.

మన వానాకాలానికి వెల్వెట్ బూజు పట్టదా?

పాలిస్టర్ నూగుకి బూజు అంత తొందరగా పట్టదు. దాని మీది దుమ్ముకి, బొచ్చుకి, జిడ్డుకి పడుతుంది. అంటే శుభ్రంగా ఉంటే సగం గెలిచినట్టే. మిగిలిన సగం గాలి. సోఫాని గోడకి ఆనించకండి, జానెడు ఎడం ఉంచండి. పాత పెంకుటిళ్లలో, గోదావరి పాయల పక్కన, కాలవ గట్టు మీద కట్టిన ఇళ్లలో గోడ అడుగున చెమ్మ ఊరుతూనే ఉంటుంది. సోఫాకి కాళ్లు ఆరంగుళాలైనా ఉంటే కింద గాలి ఆడుతుంది, చీపురు దూరుతుంది, పిల్లి దూరి చేసిన పనులూ కనిపిస్తాయి.

బూజు కనబడితే కుషన్‌ని బయటికి తీసుకెళ్లి దులపండి, ఇంట్లో దులిపితే ఆ పొడి అన్నిచోట్లా కూర్చుంటుంది. తర్వాత నూగు కిందికి, వీపు పైకి ఉండేలా ఎండలో వేయండి. నూగు మీద ఎండ పడితే రంగు పోతుంది. అడుగున కొబ్బరి పీచు పరుపు ఉంటే దాన్ని కూడా ఆరబెట్టండి. తడి లోపల ఉండిపోతే పైన ఎంత తుడిచినా మళ్లీ వస్తుంది.

మాది లంక గ్రామం. వరదొస్తే?

గోదావరి పాయల మధ్య లంకల్లో ఉండేవాళ్లకి నేను కుషన్లు విడిగా వచ్చే టేకు సోఫానే చెబుతాను. మొత్తం గుడ్డతో కప్పేసిన బరువైన సోఫా వద్దంటాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వినగానే కుషన్లు, జంతువుల గిన్నెలు, గొలుసులు, బుట్టలు మేడ మీదికో, అటక మీదికో ఎక్కించుకోవచ్చు. సోఫా చెక్క నీళ్లలో ఉన్నా కడిగి, నీడలో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

2022 జులై వరద తర్వాత మా షాపుకి వచ్చిన సోఫాల్లో చెక్క బాగుండి ఫోమ్ పాడైనవే ఎక్కువ. వరద నీరు తాగిన ఫోమ్‌ని ఎంత ఎండబెట్టినా వాడవద్దు. అందులో ఏమేం కలిసిన నీళ్లు పోయాయో మనకి తెలీదు. గుడ్డ ఉతికితే రావచ్చు, ఫోమ్ మార్చాల్సిందే. జంతువులని కట్టేసి మాత్రం వెళ్లకండి, మీతోపాటే తీసుకెళ్లండి.

కుక్క పొలం గట్ల మీద తిరిగి బురదతో ఎక్కుతుంది. తడిగుడ్డతో తుడవనా?

వద్దు. మన ఒండ్రు మట్టి మైదాలా సన్నగా ఉంటుంది, తడిగా ఉన్నప్పుడు తుడిస్తే నూగు అడుగుకి చేరి కూర్చుంటుంది. పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక వేళ్లతో నలిపి, బ్రష్‌తో దులిపి, మిగిలిన మరక మీద మాత్రమే తడిగుడ్డ అద్దండి. గుమ్మం దగ్గర ఒక పీచు పట్టా, ఒక పాత తువ్వాలు పెట్టుకుని, లోపలికి వచ్చేముందు నాలుగు పాదాలూ తుడిచే అలవాటు చేస్తే నెల రోజుల్లో కుక్కే వచ్చి కాలు చాస్తుంది. మా బబ్లూ చాస్తుంది.

చేపల వాసన?

పిల్లి చేప తల నోట కరుచుకుని వచ్చి సోఫా ఎక్కడం మన ఇళ్లలో మామూలే. జిడ్డు ఉన్న చోట వంట సోడా చల్లి గంట ఉంచి వాక్యూమ్ చేయండి, తర్వాత గిన్నెల సబ్బు రెండు చుక్కలు కలిపిన నీళ్లతో అద్దండి. చేపలు కోసే రోజున దానికి పెరట్లోనే పెట్టేయడం అన్నిటికంటే నయం.

ఇంత గొడవ ఎందుకు, రెక్సిన్ వేయించేస్తే?

మూత్రానికి, బురదకి రెక్సిన్ తేలికే, తుడిస్తే పోతుంది. గోటికి మాత్రం ఆగదు. వెల్వెట్ మీద గోరు జారుతుంది, రెక్సిన్‌లో గుచ్చుకుంటుంది. గుచ్చుకున్న చిల్లు మూసుకోదు, కూర్చున్నప్పుడల్లా పెద్దదవుతుంది. పైగా పీయూ (పాలియురెథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉన్న రకాలు మన తేమకి, వేడికి నాలుగైదేళ్లలో పొరలు పొరలుగా ఊడిపోతాయి. ఊడిన పెచ్చులు కుక్కపిల్లలు తినేస్తాయి. నేనైతే వేయించను.

సోఫా మీద నరసాపురం లేసు కవర్లు వేసుకోవచ్చా?

ఆ అల్లికలంటే నాకూ ప్రాణం. మా అమ్మ అల్లినవి నా దగ్గర పెట్టెలో ఉన్నాయి. క్రోషే సూదితో అల్లే ఆ పనంతా లూపులే కాబట్టి పిల్లి గోరు మొదట పట్టుకునేది దాన్నే. ఒక దారం తెగితే పువ్వంతా జారిపోతుంది. గోడ మీద ఫ్రేము కట్టించుకోండి, బీరువా తలుపు లోపల వేలాడదీయండి, సోఫా మీద వద్దు.

పిల్లి గోకడం ఎలాగూ మానదు. గోళ్లు తీయించేస్తే?

ఎప్పటికీ చేయకండి. గోరు ఒక్కటీ ఊడి రాదు, వేలి చివరి ఎముక కోసి తీయాలి. జీవితాంతం నొప్పి ఉండిపోవచ్చు. బదులుగా గోటి చివర మొన మాత్రం రెండు మూడు వారాలకొకసారి కత్తిరించండి, లోపల గులాబీ రంగులో కనిపించే భాగం తగలకుండా.

గోకడానికి దాని సొంత చోటు ఇవ్వండి. కోనసీమలో మనకి దీనికి లోటేముంది? మూడడుగుల కొబ్బరి మొద్దు, దానికి అంబాజీపేట వైపు దొరికే కొబ్బరి తాడు వేలెడు లావుది గట్టిగా, ఎడం లేకుండా చుట్టించండి. కిందికి వెడల్పాటి చెక్క బిగించాలి, ఊగితే పిల్లి రెండోసారి రాదు. మూడడుగులు ఎందుకంటే పిల్లి వెనక కాళ్ల మీద లేచి నిండుగా సాగాలి. చాలామంది ఒక మూలన పెడతారు, అది తప్పు. సోఫా చెయ్యి పక్కనే, ఇప్పటికి గోకుతున్న చోటే పెట్టండి. అలవాటయ్యాక రోజుకి జానెడు చొప్పున జరుపుకోవచ్చు.

సోఫాలో పిడుదులు పట్టకుండా కలరా ఉండలు వేయవచ్చా?

వద్దు. కలరా ఉండ ఒకటి మింగినా కుక్కకి, పిల్లికి ప్రమాదం. సోఫా సందుల్లో, కుట్ల వెంబడి వాక్యూమ్ చేసి, ఆ దుమ్ము బయట పారేయండి. మందు జంతువుకి వేయించండి, సోఫాకి కాదు. కుక్క, పిల్లి రెండూ ఉన్న ఇంట్లో ఒక జాగ్రత్త: కుక్క పిడుదుల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, పిల్లికి అది ప్రాణాంతకం. కుక్కకి వేశాక మూడు రోజుల దాకా రెండూ ఒకే కుషన్ మీద పడుకోకుండా చూడండి, డాక్టర్‌ని అడిగి వేయండి.

మేస్త్రికి ఏమేం చెప్పాలి?

నూగు అన్ని ముక్కల్లోనూ పై నుంచి కిందికే ఉండాలని మొదటే చెప్పండి. గుడ్డ మిగలాలని ఒక ముక్క అడ్డంగా కోస్తే ఒకే గుడ్డ రెండు రంగుల్లా కనిపిస్తుంది, సోఫా పూర్తయ్యాక ఏమీ చేయలేం. అందుకే వెల్వెట్‌కి మామూలు గుడ్డ కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. పన్నా (గుడ్డ వెడల్పు) 54 అంగుళాలు ఉన్నదే తీసుకుంటే వీపు మీద అతుకు రాదు. రాజమండ్రి తాడితోటలో హోల్‌సేల్‌గా కొంటే అన్నీ ఒకే తానులోంచి కోయించుకోండి, తాను మారితే రంగు తేడా వస్తుంది.

సీటు కుషన్లన్నిటికీ జిప్ పెట్టించండి. ఫోమ్‌కీ గుడ్డకీ మధ్య నీరు దిగని లోపలి కవరు వేయించండి. దీనికయ్యే ఖర్చు చిన్నది, ఒక్కసారి మూత్రం పడ్డ రోజున దాని విలువ తెలుస్తుంది. సీటుకి ఫోమ్ 40 డెన్సిటీ, వీపుకి 32 చాలు. బటన్లు పెట్టి గుంటలు చేసే డిజైన్ వద్దు, బొచ్చు, బిస్కెట్ పొడి అన్నీ అందులోనే చేరతాయి, కుక్కపిల్లకి ఆ బటన్లు ఆటబొమ్మలు. పైపింగ్ కూడా వద్దని చెప్పండి. అర మీటరు గుడ్డ అదనంగా కొని దాచుకోండి, రేపు ఒక చెయ్యి పాడైనా అదే తాను ముక్క ఉంటుంది.

కుక్కపిల్ల ఇప్పుడే వచ్చింది. ఇప్పుడే వేయించనా?

పళ్లు మారే వరకు ఆగండి. ఏడెనిమిది నెలలు దాటాక వేయించుకోండి. కొరికే కుక్కపిల్లకి ఏ గుడ్డా ఆగదు.

పడుకున్న చోటల్లా అణిగి మచ్చలా కనిపిస్తోంది. పాడైపోయిందా?

పాడవలేదు. నూగు ఒక వైపుకి వాలితే వెలుగు వేరేగా పడి ముదురుగా కనిపిస్తుంది. చేత్తో ఎదురు నిమిరితే చాలాసార్లు పోతుంది. పోకపోతే ఇస్త్రీ పెట్టెలో నీళ్లు పోసి, గుడ్డకి తగలకుండా నాలుగు వేళ్ల ఎత్తులో పట్టుకుని ఆవిరి మాత్రం తగలనిచ్చి, తడి ఆరకముందే మెత్తని బ్రష్‌తో లేపండి. ఇస్త్రీ పెట్టె నూగుకి ఆనితే పాలిస్టర్ కరిగి అద్దంలా మెరుస్తుంది, దానికి మందు లేదు. కుషన్లని వారానికొకసారి చోట్లు మార్చి వేస్తే ఒకే చోట అణగదు.

మా కుక్క ముసలిదైంది. కొత్త సోఫా ఎక్కనివ్వాలా?

పదేళ్లు ఎక్కిన చోటుని ఇప్పుడు వద్దంటే దానికి అర్థం కాదు. గుమ్మంలో కూర్చుని మీ మొహం చూస్తుంది. ఎక్కనివ్వండి. అది పడుకునే చోట ఉతుక్కునే పరుపు గుడ్డ ఒకటి, దాని కింద చిన్న పిల్లలకి వేసే రబ్బరు షీటు ఒకటి వేయండి. రెండు జతలు ఉంచుకుంటే ఒకటి ఉతుకులో ఉన్నా ఇంకోటి ఉంటుంది. కీళ్ల నొప్పులున్న కుక్క దూకేటప్పుడు గోళ్లతో గట్టిగా పట్టు వేస్తుంది, ముసలి కుక్కల ఇళ్లలో సీటు అంచు చిరిగేది అందుకే. సోఫా ముందు ఒక మెట్టు చేయించండి, ఎత్తు సీటు ఎత్తులో సగం, లోతు దాని నాలుగు కాళ్లూ పట్టేంత. మెట్టు మీద వెల్వెట్ వద్దు, జారుతుంది. పీచు పట్టా ముక్క కోసి మేకులు బయటికి రాకుండా బిగించండి. మొదటి రెండు రోజులు ఒక బిస్కెట్ ముక్క మెట్టు మీద, ఇంకో ముక్క సీటు మీద పెడితే మూడో రోజు అదే ఎక్కుతుంది.